కూలే నక్షత్రానికి ఏ గడియారం పెట్టాలి?

గత సంచికలో నక్షత్రాల గురుత్వ పతనం గురించి, అంటే అవి తమ బరువుకు తామే కూలిపోవడం గురించి, రెండు పేరాలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నక్షత్రం కూలి కృష్ణబిలంగా మారడాన్ని కంప్యూటరులో లెక్కగట్టి తయారుచేసిన వీడియో ఒకటి చూశాను. అందులో అంతా క్షణాల్లో ముగిసిపోయింది. దూరాన ఉన్న పరిశీలకుడికి నక్షత్రం ఎన్నటికీ దిగంతాన్ని (కాంతి కూడా తిరిగి రాలేని హద్దును) దాటినట్టు కనిపించదని మా పాఠ్యపుస్తకంలో ఉంది. రెండూ ఎలా నిజమవుతాయి? (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: రెండూ నిజమే. ఎవరి గడియారంతో కొలుస్తున్నామన్న దానిలోనే తేడా అంతా ఉంది. ఈ సంగతిని మొదట స్పష్టంగా తేల్చినవారు రాబర్ట్ ఓపెన్‌హైమర్, ఆయన విద్యార్థి హార్ట్‌లాండ్ స్నైడర్. వారి వ్యాసం 1939 సెప్టెంబరు 1న, అంటే పోలండు మీద జర్మనీ దండెత్తిన రోజునే, ఫిజికల్ రివ్యూ పత్రికలో వెలువడింది. కాగితం మీద లెక్క తెగడం కోసం వారు నక్షత్రాన్ని బాగా సులభం చేసుకున్నారు. దానికి పీడనం లేదు, భ్రమణం లేదు, సాంద్రత అంతటా ఒక్కటే. తన బరువుకు తానే కూలిపోతున్న ధూళిగోళం అన్నమాట. ఇటువంటి ధూళిగోళపు సమీకరణాలను కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు చెందిన బి. దత్ అంతకు ఏడాది ముందే, 1938లో, ఒక జర్మన్ పత్రికలో సాధించి చూపారు. మన పాఠ్యపుస్తకాలైనా ఆయన పేరు చెబితే బాగుండేది.

ఆ ధూళి రేణువుల్లో ఒకదానికి గడియారం కట్టామనుకోండి. ఆ గడియారం ప్రకారం పతనం పరిమితమైన కాలంలో ముగిసిపోతుంది. మామూలు నక్షత్రాలకు ఆ కాలం ఒక రోజు స్థాయిలో ఉంటుందని ఓపెన్‌హైమర్, స్నైడర్ రాశారు. సూర్యుడి లోపలి పీడనం ఉన్నపళంగా మాయమైతే ఎంతసేపు పడుతుందో అదే సూత్రంతో లెక్క వేస్తే సుమారు అరగంట వస్తుంది. దూరాన నిలబడి చూసేవారి గడియారం ప్రకారం మాత్రం ఆ సూర్యుడి ఉపరితలం దిగంతం ఉండే దాదాపు 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి దగ్గరవుతూనే ఉంటుంది తప్ప అక్కడికి చేరదు, ఎందుకంటే ఆ హద్దు దగ్గర బయలుదేరిన ప్రతి కాంతి కిరణమూ తన ముందుదాని కన్నా మరింత ఆలస్యంగా బయటపడుతుంది.

పుస్తకాలు తరచుగా ఇక్కడే ఆగిపోతాయి, అందువల్ల నక్షత్రం బొమ్మలా గడ్డకట్టి కలకాలం కనిపిస్తూనే ఉంటుందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఆ కాంతి ఆలస్యమవడమే కాదు, ఎర్రబారి, పలచబడి, ఆరిపోతుంది కూడా. సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి కూలుతున్నప్పుడు చివరి దశలో వెలుగు సెకనులో సుమారు నాలుగువేలవ వంతుకు ఒకసారి చొప్పున 2.7 రెట్లు తగ్గిపోతుంది. ఆ లెక్కన సెకనులో నూరో వంతు గడిచేసరికి కోటి కోట్లలో ఒక వంతు వెలుగు కూడా మిగలదు. గడ్డకట్టిన నక్షత్రం సిద్ధాంతంలోనే ఉంటుంది, కళ్ళకు మాత్రం చీకటే.

మీరు చూసిన వీడియోలోని కాలం చాలావరకు ఈ రెండు గడియారాలదీ కాదు. లెక్క చేసినవారు తమ సౌకర్యం కోసం నిర్మించుకున్న మూడో గడియారానిది. అది ఏ గడియారమో వీడియో కింద ఒక్క వాక్యం రాయడానికి ఎవరికీ తీరిక ఉండదు, చిక్కంతా అందుకే.

ప్రశ్న: ఐన్‌స్టీన్ సమీకరణాలు 1915 నుంచి ఉన్నాయి, కంప్యూటర్లు 1950ల నుంచి ఉన్నాయి. అయినా రెండు కృష్ణబిలాలు కలిసిపోయే లెక్క 2005 దాకా కుదరలేదని చదివాను. యంత్రాల వేగం చాలకపోవడమే కారణమా? (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాదు)

జవాబు: వేగం కొంతవరకే కారణం. గోళాకారంగా కూలే నక్షత్రం లెక్క ఆనాటి యంత్రాలకు కూడా లొంగింది. చార్లెస్ మిస్నర్, డేవిడ్ షార్ప్ 1964లో సిద్ధం చేసిన సమీకరణాలతో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో మైకేల్ మే, రిచర్డ్ వైట్ 1966 నాటికే పీడనం ఉన్న నక్షత్రం కూలడాన్ని కంప్యూటరులో నడిపించారు. అక్కడి శాస్త్రజ్ఞులకు అంతకు ముందే బాంబుల లోపల పదార్థం ఎలా నలిగిపోతుందో లెక్కగట్టిన అనుభవం ఉంది. పదార్థాన్ని పొరలు పొరలుగా విడగొట్టి, ప్రతి పొరనూ చిన్న చిన్న అడుగుల్లో ముందుకు నడిపే ఆ పద్ధతే నక్షత్రానికీ పనికివచ్చింది. కానీ 1964లోనే సుసాన్ హాన్, రిచర్డ్ లిండ్‌క్విస్ట్ రెండు బిలాలను ఐబీఎం 7090 యంత్రం మీద ఢీకొట్టించబోయినప్పుడు లెక్క ఎంతో దూరం సాగలేదు. ఆ తరువాత నలభై ఏళ్ళపాటు అందరినీ నిలబెట్టిన అడ్డంకి గడియారాల దగ్గరే ఉంది.

కంప్యూటరుకు నాలుగు కొలతల స్థలకాలం మొత్తాన్ని ఒక్కసారిగా ఇవ్వలేము. ఒక క్షణపు స్థలాన్ని ఒక పొరగా తీసుకుని, దాని నుంచి తరువాతి పొరను లెక్కగట్టాలి. ఆర్నోవిట్, డెసర్, మిస్నర్ అనే ముగ్గురు 1960 ప్రాంతంలో ఐన్‌స్టీన్ సమీకరణాలను ఈ విధంగా విడగొట్టి చూపారు. ఈ అమరికలో ప్రతి బిందువు దగ్గరా కాలం ఎంత అడుగు వేయాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఆ అడుగు కొలతను లాప్స్ అంటారు. ప్రకృతి దాన్ని నిర్ణయించదు, ప్రోగ్రాము రాసేవారే నిర్ణయించాలి.

వరి నాట్లు వేసే చేను చూసినవారికి ఇందులోని చిక్కు వెంటనే అర్థమవుతుంది. వరుసగా నిలబడిన కూలీలు నాట్లు వేస్తూ ఒక్కో అడుగే వెనక్కి జరుగుతుంటారు. చేను మధ్యలో ఎవరి వెనకనో లోతైన గొయ్యి ఉందనుకోండి. అందరూ ఒకే అడుగు వేస్తే ఆ మనిషి గోతిలో పడతాడు, పని మొత్తం ఆగిపోతుంది. కృష్ణబిలం నడుమ ఉండే సింగులారిటీ అటువంటి గొయ్యి. అక్కడ స్థలకాలపు వక్రత అనంతమవుతుంది, ప్రోగ్రాము అంకెలకు బదులు చెత్త ముద్రిస్తుంది. కనుక గోతి దగ్గరి మనిషి అడుగు తగ్గించుకోవాలి, దూరంగా ఉన్నవారు మామూలుగా జరగాలి. 1970లలో దీనికి వాడుకలోకి వచ్చిన పద్ధతి మాక్సిమల్ స్లైసింగ్. దాని ప్రకారం బిలం లోపల లాప్స్ చకచకా సున్నాకు పడిపోతుంది. భ్రమణం లేని బిలంలో ఈ పొరలు దిగంతపు వ్యాసార్ధంలో సరిగ్గా నాలుగింట మూడు వంతుల దగ్గర ఆగిపోతాయని, అంతకన్నా లోపలికి పోవని, 1973లో లెక్క తేల్చారు. సింగులారిటీ అంటకుండా తప్పించుకున్నట్టే.

అయితే వరుసలో ఒకరు ఆగిపోయి మిగతావారు జరిగిపోతూ ఉంటే, అందరూ పట్టుకున్న తాడు గతేమిటి? అది సాగిపోతుంది. దిగంతం పరిసరాల్లో పొర అదే విధంగా సాగి, గ్రిడ్ (లెక్క కోసం స్థలం మీద పరిచిన బిందువుల వల) బిందువుల మధ్య దూరం పెరిగిపోయి, అంకెలు నిటారుగా లేచి, కాసేపటికి లెక్క కుప్పకూలేది. ఇది చాలనట్టు మరొకటి. ఐన్‌స్టీన్ సమీకరణాల్లో కొన్ని కాలంతో నడిచేవి కావు, ప్రతి పొర మీదా తప్పక నెరవేరవలసిన నిబంధనలు. గుండ్రం చేసిన అంకెల వల్ల వాటిలో చొరబడే ఇసుమంత లోపం, సమీకరణాలను రాసిన తీరును బట్టి, అడుగడుగునా గుణించుకుంటూ పెరిగేది. షిబాటా, నకమురా 1995లోను, బౌమ్‌గార్టె, షపీరో 1998లోను అవే సమీకరణాలను వేరే చలరాశులతో తిరగరాసి ఈ పెరుగుదలకు చాలావరకు కళ్ళెం వేశారు. భౌతికశాస్త్రం మారలేదు, రాతే మారింది. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు ఈ మాట వింతగా తోచకపోవచ్చు.

2005లో ఫ్రాన్స్ ప్రెటోరియస్ అనే యువకుడు వేరే రకం నిరూపకాలు ఎంచుకుని, దిగంతం లోపలి భాగాన్ని గ్రిడ్ నుంచి కోసి పారేసి, రెండు బిలాలు పరిభ్రమించి కలిసిపోవడాన్ని చివరిదాకా నడిపించారు. లోపల జరిగేదేదీ బయటికి రాలేదు కనుక అలా కోసివేయడం న్యాయమే. ఆ ఏడాది చివరికల్లా నాసా గొడ్డార్డ్ కేంద్రంలోని బృందమూ, టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ బృందమూ, ఒకరికొకరు తెలియకుండానే, బిలాన్ని కోయకుండా గ్రిడ్ మీద స్వేచ్ఛగా కదలనిచ్చే మరో ఉపాయంతో అదే పని సాధించాయి. పదేళ్ళకు, 2015 సెప్టెంబరు 14న, అమెరికాలోని లైగో పరికరాలు తొలి గురుత్వ తరంగాన్ని, అంటే స్థలకాలంలో పుట్టే అలను, పట్టుకున్నాయి. సూర్యుడికి 36, 29 రెట్లున్న రెండు బిలాలు కలిసి 62 రెట్ల బిలమైందని, మిగిలిన 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగాలుగా పోయిందని చెప్పగలిగింది ఈ లెక్కల్లో వచ్చిన తరంగాలతో పోల్చి చూసినందువల్లనే.

ప్రశ్న: కృష్ణబిలం ఏర్పడిందని ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుంది? (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: మీరు అనుకుంటున్నంత తేలికగా తెలియదు. ఘటనా దిగంతం అంటే అనంత భవిష్యత్తులో కూడా కాంతి బయటపడలేని ప్రాంతానికి హద్దు. అనంత భవిష్యత్తు సంగతి ప్రస్తుత క్షణపు పొరకు తెలిసే వీలు లేదు. అందుకని ప్రోగ్రాము నడుస్తుండగా మరొక దాన్ని వెతుకుతారు. ఒక మూసిన ఉపరితలం మీద నుంచి బయటి వైపుకే విడిచిన కాంతి కూడా విస్తరించకుండా కుంచించుకుపోతుంటే, దాన్ని చిక్కుబడిన ఉపరితలం అంటారు. రోజర్ పెన్‌రోజ్ 1965లో ప్రవేశపెట్టిన భావన ఇది. అటువంటిది ఒక్కటి ఏర్పడితే లోపల సింగులారిటీ తప్పదని ఆయన నిరూపించిన సిద్ధాంతానికే 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నిరూపణకు వెన్నెముక కలకత్తాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం. గోళాకార పతనంలో పరీక్ష ఇంకా తేలిక. ఒక గోళంలో ఇమిడిన ద్రవ్యరాశికి తగిన దిగంత వ్యాసార్ధాన్ని ఆ గోళపు అసలు వ్యాసార్ధంతో భాగించాలి. ఈ నిష్పత్తి 1ని తాకితే చిక్కుబడినట్టే.

అసలు ఘటనా దిగంతాన్ని మాత్రం లెక్కంతా ముగిశాక కాంతి కిరణాలను వెనక్కి నడిపి గుర్తిస్తారు. అప్పుడొక వింత బయటపడుతుంది. బోలుగా ఉన్న బరువైన పెంకు ఒకటి నలువైపుల నుంచీ కూలి వస్తోందని, దాని నట్టనడుమ మీరు కూర్చున్నారని ఊహించండి. పెంకు మీకింకా చాలా దూరంలో ఉంది, మీ చుట్టూ గురుత్వమే లేదు, మీ గడియారంలో గాని మీ చేతిలోని బంతి కదిలే తీరులో గాని ఏ తేడా కనిపించదు. అయినా దిగంతం మీరున్న చోటే సున్నా పరిమాణంతో పుట్టి, పెరుగుతూ, మిమ్మల్ని ఎప్పుడో దాటి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఆ క్షణాన్ని పట్టి చెప్పగల పరికరం ఏదీ మీ దగ్గర ఉండదు.

ప్రశ్న: మన సూర్యుడు కూడా కృష్ణబిలం అవుతాడా? (తొమ్మిదో తరగతి విద్యార్థి, ఏలూరు)

జవాబు: అవడు. సూర్యుడు చివరికి భూమి అంత పరిమాణం గల తెల్ల మరుగుజ్జుగా మిగిలిపోతాడు. అటువంటి నక్షత్రం తన బరువును మోయగల హద్దు సుమారు 1.4 సూర్యుల ద్రవ్యరాశి అని చంద్రశేఖర్ 1930లలో లెక్కగట్టారు, సూర్యుడు ఆ హద్దుకు లోపలే ఉన్నాడు.

ప్రశ్న: కూలడం మొదలైతే కృష్ణబిలం తప్పదా? ఎంత చిన్న బిలమైనా పుట్టవచ్చా, లేక కనీస పరిమాణం ఉందా? (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: మొత్తం ఉత్తరాల్లో నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పింది పెన్ను, కాగితం కాదు, కంప్యూటరే. నిజమైన నక్షత్రంలో న్యూట్రాన్ పదార్థపు గట్టిదనం అడ్డుపడుతుంది కాబట్టి కనీస బరువు ఉంటుంది. పదార్థపు స్వభావాన్ని పక్కన పెట్టి గురుత్వాన్ని మాత్రమే పరీక్షించాలంటే, ద్రవ్యరాశి లేని స్కేలార్ క్షేత్రం (ప్రతి బిందువు దగ్గరా ఒక్క అంకెతో చెప్పగలిగేది) అనే అతి సరళమైన అలను గోళాకారంగా కేంద్రం వైపు పంపాలి. అల బలహీనమైనదైతే కేంద్రాన్ని తాకి తిరిగి బయటికి చెదిరిపోతుంది. బలమైనదైతే కొంత భాగం బిలంగా చిక్కుకుంటుంది. ఈ రెండింటి మధ్య సరిహద్దులో ఏం జరుగుతుంది?

మాథ్యూ చాప్టుయిక్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దీన్నే పట్టుకున్నారు. అల ఎత్తును ఒక అంకెగా తీసుకుని, ఒకసారి బిలం పుట్టే విలువ, ఒకసారి పుట్టని విలువ ఎంచుకుని, రెంటి నడిమి విలువతో మళ్ళీ నడిపి, ఈ విధంగా దశాంశ స్థానం తరువాత దశాంశ స్థానం సరిహద్దును బిగిస్తూ వెళ్ళారు. సరిహద్దుకు చేరువయ్యే కొద్దీ కేంద్రం దగ్గర అంతకంతకు సన్నని వివరాలు పుట్టుకొస్తాయి, ఒకే రకం గ్రిడ్‌తో వాటిని పట్టుకోలేము. అందుకని అవసరమైన చోటనే, అవసరమైన వేళకు, తనంతట తానే గ్రిడ్‌ను సన్నం చేసుకునే ప్రోగ్రాము రాశారు.

1993లో ప్రచురించిన ఫలితం ఎవరూ ఊహించనిది. మొదటిది, కనీస పరిమాణం లేదు. అల బలం సరిహద్దు నుంచి ఎంత ఎక్కువగా ఉందో ఆ తేడాను సుమారు 0.37 ఘాతానికి పెంచితే బిలం ద్రవ్యరాశి ఆ నిష్పత్తిలో వస్తుంది. అంటే తేడాను వెయ్యి రెట్లు తగ్గిస్తే బిలం దాదాపు 13 రెట్లు చిన్నదవుతుంది, ఇలా ఎంతవరకైనా తగ్గించుకుంటూ పోవచ్చు. రెండవది, అల మొదటి ఆకారం ఏదైనా ఆ 0.37 మారదు. మూడవది నా దృష్టిలో అన్నిటికన్నా అందమైనది. సరిగ్గా సరిహద్దు మీద క్షేత్రం ఒక ఊపు ఊగి, మళ్ళీ అదే ఊపును 30 రెట్లకు పైగా చిన్న పరిమాణంలో, అంతే తక్కువ సమయంలో ఊగి, మళ్ళీ అంతకన్నా చిన్నగా ఊగి, తన ప్రతిధ్వనిలోకి తానే దిగిపోతూ పోతుంది.

ఆ దిగడం అంతులేకుండా సాగితే దిగంతం అనే తెర లేకుండానే అనంతమైన వక్రత బయటికి కనిపించాలి. అటువంటి నగ్న సింగులారిటీలు ఉండవని స్టీఫెన్ హాకింగ్ 1991లో తోటి భౌతికశాస్త్రజ్ఞులు జాన్ ప్రెస్కిల్‌తోను, కిప్ థోర్న్‌తోను పందెం కాసి ఉన్నారు. ఓడినవారు గెలిచినవారి నగ్నత్వాన్ని కప్పేందుకు బట్టలు పెట్టాలన్నది షరతు. 1997లో హాకింగ్ సాంకేతిక కారణాల మీద ఓడిపోయానని ఒప్పుకుని టీషర్టులు ఇచ్చారు. వెంటనే, అంకెను అనంతంగా సరిచూసి పెడితే తప్ప పుట్టనివాటిని మినహాయిస్తూ కొత్త పందెం కాశారు. గణితం చేసేవారిలో మాత్రమే కనిపించే మొండితనం అది.

ఇదంతా దూరం పోయే కొద్దీ చదునుగా మారే స్థలకాలంలో సంగతి. యాంటీ డి సిట్టర్ అనే వంపు తిరిగిన స్థలకాలంలో హద్దు అద్దంలా పనిచేస్తుంది కనుక చెదిరిపోయిన అల తప్పించుకుపోలేదు, వెళ్ళి తగిలి తిరిగి వస్తుంది. బిజోన్, రోస్ట్‌వొరోవ్‌స్కీ అనే ఇద్దరు 2011లో లెక్కగట్టి చూస్తే, మొదటిసారి బిలం కాలేని బలహీనమైన అల కూడా అటూ ఇటూ తిరిగే కొద్దీ పదునెక్కి, కొన్ని రాకపోకల తరువాత బిలంగా కూలిపోయింది. అక్కడ అలలన్నీ కూలతాయని కాదు, ఎంతకాలమైనా నిలకడగా ఊగే అలలు కూడా కొన్ని తరువాత దొరికాయి.

ప్రశ్న: ఇటువంటి లెక్క సొంతంగా చేయాలని ఉంది. సూపర్ కంప్యూటరు లేకుండా వీలవుతుందా? (ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: తప్పకుండా వీలవుతుంది. న్యూట్రినోలు, అయస్కాంత క్షేత్రాలు, భ్రమణం కలిసిన నిజమైన నక్షత్రం జోలికి వెళ్ళవద్దు. పైన చెప్పిన గోళాకార స్కేలార్ అలతో మొదలుపెట్టండి. కేంద్రం నుంచి దూరం ఒక్కటే చలరాశి కనుక కొన్ని వందల వరుసల పైతాన్ ప్రోగ్రాము, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటి క్షణాన గంట ఆకారపు అలను కొంత దూరంలో పెట్టండి. ప్రతి అడుగులోనూ అలను ముందుకు నడిపి, నిబంధన సమీకరణాన్ని కేంద్రం నుంచి బయటికి సాధిస్తూ దూరాల సాగుదలను, ఆ తరువాత లాప్స్‌ను రాబట్టండి. మూడు కొలతల్లో చేయాలన్న ఉత్సాహం తరువాత కలిగితే ఐన్‌స్టీన్ టూల్‌కిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని స్థాపించుకోవడానికే ఒక వారం కేటాయించుకోండి.

కేంద్రం దగ్గర జాగ్రత్త. నా మొదటి ప్రోగ్రాములో చాలా చిన్న అలకే బిలం పుట్టేసరికి రెండు రోజులు సంబరపడ్డాను. గ్రిడ్ అంతరాన్ని సగం చేసి మళ్ళీ నడపగానే బిలం మాయమైంది. అల వాలు కేంద్రానికి అటు నుంచి ఇటుకు వచ్చేసరికి గుర్తు మారాలి. పక్క బిందువు విలువను గుర్తు మార్చకుండానే ఎత్తి రాశాను. దూరంతో భాగించే పదం ఆ చిన్న తప్పును కొండంత చేసింది. అందువల్ల ఏ ఫలితాన్నైనా అంతరం సగం చేసి సరిచూసుకోండి. మీ పద్ధతి రెండవ స్థాయిదైతే లోపం నాలుగో వంతుకు తగ్గాలి. తగ్గకపోతే తెర మీద కనిపిస్తున్నది భౌతికశాస్త్రం కాదు.

ఇంకొకటి. ఈ పద్ధతిలోని నిరూపకాల్లో, ఖమ్మం ఉపాధ్యాయుడికి చెప్పిన నిష్పత్తి 1కి దగ్గరవుతుంది తప్ప 1ని తాకదు, మొదటి ప్రశ్నలోని దూరపు పరిశీలకుడి గడియారం వంటిదే ఇక్కడ కూడా పనిచేస్తోంది. 0.99 దాటి, కేంద్రం దగ్గర లాప్స్ సున్నా వైపు జారిపోతుంటే బిలం పుట్టిందని రాసుకుని ప్రోగ్రామును ఆపేయండి. లాప్స్ తిరిగి 1కి చేరి అల బయటికి పోతే పుట్టలేదని రాసుకోండి. ఈ రెండింటి నడుమ అల ఎత్తును సగం సగం చేస్తూ పోతే ఒక సాయంత్రంలో సరిహద్దు నాలుగైదు దశాంశ స్థానాల వరకు దొరుకుతుంది. చాప్టుయిక్ చూసిన మొదటి ప్రతిధ్వని లీలగా కనిపించవచ్చు. రెండో దానికి గ్రిడ్‌ను సన్నం చేసే ప్రోగ్రాము రాయక తప్పదు.